లోపలి గది దీపం

అక్టోబర్ 4

ఇవాళ అల్లుడు వంటింటి కప్పుకి గుండ్రటి ట్యూబులైటు బిగించాడు. అది కాసేపు కొట్టుకుని, తర్వాత ఈగలా రొద పెడుతూ వెలిగింది. దాని కింద నా చేతులు చూసుకున్నాను. శవం చేతుల్లా ఉన్నాయి. పొద్దున్నే నోటో తీరం నుంచి వచ్చిన చేపలు కూడా నిన్నటివిలా ఉన్నాయి.

"చూశారా మామయ్యా, పట్టపగల్లా లేదూ" అన్నాడు కెయిజో.

చూశాను. దాని చుట్టూ రంగురంగుల వలయం ఒకటి. ఇంద్రధనుస్సు కావాలని ఎవరడిగారు? నాసిరకం సరుకు. ఒసాకాలో వాళ్ల నాన్నకి కరెంటు సామాన్ల కొట్టుంది. అమ్ముడుపోనివి మా ఇంటికి పంపడం ఆయనకి అలవాటు. మొదట కొడుకుని పంపాడు.

మగపిల్లాడు లేని ఇంటికి ఇల్లరికపుటల్లుడు తప్పదని నా భార్య పోరుపెట్టింది. మా ఇంటిపేరు వాడికిచ్చాం, మా పిల్లనిచ్చాం. ఆ తర్వాత ఆవిడ హాయిగా పోయింది, నేను మిగిలాను. అప్పటినుంచీ వాడి తలనూనె వాసన పీలుస్తున్నాను.

సరే, భోజనశాల పెత్తనం వాడిది, వంటిల్లు వాడిది. పెద్ద అతిథులకి వడ్డించే లోపలి గది నాది. దాని జోలికొస్తే ఊరుకోను.

అక్టోబర్ 7

తలనొప్పి. ఆ లైటు వల్లే.

అక్టోబర్ 11

నిన్న టోక్యోలో ఆటలు మొదలయ్యాయట. అల్లుడు టీవీ తెచ్చి ముందు గదిలో పెట్టాడు. వంటవాళ్లు, వడ్డించే ఆడవాళ్లు అందరూ పని మానేసి దాని ముందు చేరారు. నన్నూ కూర్చోబెట్టారు. బూడిద పొగలో చీమలేవో పరుగెత్తాయి. అందరూ చప్పట్లు కొడితే నేనూ కొట్టాను.

"ఎంత బాగా కనిపిస్తున్నాయో జెండాలు, కదా పెద్దయ్యగారూ" అంది తకి. ఆవిడ నా పెళ్లినాటికే మా ఇంట్లో వడ్డన చేస్తోంది, మోకాళ్లు పోయినా నోరు పోలేదు.

"ఆ" అన్నాను. ఈ యంత్రాలు చూపించేది ఇంతే. దీనికి ఇంత ఆర్భాటం.

అక్టోబర్ 19

అనుకున్నంతా అయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వాడు మోకాళ్ల మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు. వాడు గొంతు సవరించుకున్నాడంటే ఇంట్లో ఏదో ఒకటి ఊడుతుందని అర్థం.

"మామయ్యా, లోపలి గదిలో కూడా ఒక దీపం పెడదామండీ. ఎక్కువ కాదు, చిన్నదే."

"ఎందుకు?"

"వచ్చినవాళ్లకి తినేది కనిపించాలి కదా."

"నువ్వు కళ్లతో తింటావా?"

"అది కాదండీ. వడ్డించేవాళ్లకి కూడా తేలిగ్గా ఉంటుంది."

"ఆ గదిలో వడ్డించేది నేను."

మా అమ్మాయి ఇకుయో చాపలోంచి పుల్ల లాగుతోంది. చిన్నప్పటినుంచీ అంతే, చెప్పాల్సిన మాట చెప్పలేకపోతే చాప మీద పడుతుంది.

"మీ ఒసాకాలో అయితే శ్మశానంలో కూడా లైట్లు పెట్టుకోండి. కనజావాలో, నేను బతికుండగా, మా తాత కట్టిన గదిలో పెట్టనివ్వను" అన్నాను.

"మీరు అలా అంటారని తెలుసండీ."

"తెలిసి ఎందుకడిగావు?"

"అడగాలి కాబట్టి."

పొగరు. అప్పుడు నా కూతురు నోరు విప్పింది. "కొత్త సంవత్సరం దాకా గది నీ ఇష్టం నాన్నా. నువ్వే వడ్డించు. ఈలోపు ఏ పొరపాటూ జరక్కపోతే ఇంక ఎవ్వరం దీపం ఊసెత్తం. జరిగితే మాత్రం ఆయన చెప్పినట్టు చేద్దాం."

"నా చేతిలో పొరపాటా?" అన్నాను.

వాళ్లిద్దరూ ఒకేసారి టీ తాగారు.

అక్టోబర్ 20

వాడితో మాట్లాడేటప్పుడు సరైన మాటలు రావు. అన్నీ మర్నాడు వస్తాయి. ఇక్కడ రాసి పెట్టుకుంటే ఈసారి పనికొస్తాయి.

తాత ఆ గది చూరుని బాగా కిందికి దించాడు. ఎండ నేరుగా లోపలికి రాకూడదు. ముందు తోటలో నాచు మీద పడాలి, అక్కణ్ణించి వరండా చెక్క మీదికి రావాలి, అక్కణ్ణించి తలుపుల కాగితం గుండా లోపలికి రావాలి. అన్ని చోట్లా ఆగి, అలిసిపోయి వచ్చిన వెలుగునే మేం అతిథి ముందు పెడతాం. ఎర్రమన్ను గోడ ఆ వెలుగులో నల్లబడి, దగ్గరగా జరిగి కూర్చున్నట్టుంటుంది. అదే గోడ ట్యూబులైటు కింద సర్కస్ డేరా. చలికాలం తోటంతా మంచు పడ్డాక వెలుగు కిందినుంచి పైకొస్తుంది. కప్పు తెల్లబడుతుంది, నేల నల్లబడుతుంది. మా అమ్మ ఆ గదిలో కూర్చుంటే అందగత్తె. బయటికొస్తే మామూలు మనిషి.

చారు గిన్నె లోపల నలుపు, బయట నలుపు. చేతిలోకి తీసుకుంటే బరువూ వేడీ తెలుస్తాయి, లోపల ఏముందో తెలీదు. మూత తీస్తే ముందు ఆవిరి ముఖానికి తగలాలి. తర్వాత, మూత లోపలి బంగారపు బొమ్మ చీకట్లోంచి మెల్లగా రావాలి. ఆ బంగారం వేసినవాడు చీకటి కోసమే వేశాడు. వెలుతురులో అది సబ్బు డబ్బా మీది బొమ్మ.

నాన్న నాచేత పాఠంలా వల్లె వేయించేవాడు. కొంగ బొమ్మ గిన్నెలు పెళ్లిళ్లకి, శుభకార్యాలకి. తామరపూల గిన్నెలు చనిపోయినవాళ్ల ఏటేటి భోజనాలకి. మూసి ఉంటే రెండూ ఒకటే నలుపు. పెట్టెలు కూడా ఒకేలా ఉంటాయి, గిడ్డంగిలో పక్కపక్కనే. ఆ తాళంచెవి నాన్న పోయినప్పటినుంచీ నా నడికట్టులోనే ఉంది. స్నానానికి వెళ్లినా పళ్లతో పట్టుకునే వెళ్తాను.

ఇవన్నీ అల్లుడికి చెప్పాల్సింది. "అలాగా మామయ్యా" అని తల గోక్కునేవాడు, అంతే.

నవంబర్ 2

తోటలో దేవదారు కొమ్మలు మంచు బరువుకి విరగకుండా తాళ్లు కట్టారు. ఈ ఏడాది తాళ్లు సన్నగా కట్టారు, అసలు కనిపించడం లేదు. తోటమాలిని తిట్టాను. వాడు అల్లుడి వైపు తిరిగినట్టున్నాడు. అందరూ వాడి వైపే తిరుగుతున్నారు.

నవంబర్ 9

టీ ఆకు కొనాలని చెప్పి ఇకుయో నన్ను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. సొంత కూతురు. గోడ మీద గుండ్రాలు చూపించి, సందు ఎటువైపుందో చెప్పమన్నాడు కుర్ర డాక్టరు.

"సందు లేదు. అన్నీ పూర్తి గుండ్రాలే."

"కాస్త జాగ్రత్తగా చూడండి తాతగారూ."

"నేను నీకు తాతనెప్పుడయ్యాను? సరైన బొమ్మలు తెచ్చుకుని తర్వాత పిలువు" అని లేచి వచ్చేశాను.

పిల్ల మాత్రం లోపలే ఉండిపోయింది. నన్ను వీధిలో చలికి నిలబెట్టి, ఆ కుర్రాడితో ఏం కబుర్లో. బయటికొచ్చి ముక్కు ఎగబీల్చింది. జలుబు చేసిందట. చుక్కల మందు కొంది, రోజూ కళ్లలో వేసుకోవాలట. సీసా తోటలో పారేశాను.

టీ ఆకు కొననే లేదు.

నవంబర్ 10

సీసా మళ్లీ నా దిండు పక్కనే ఉంది.

నవంబర్ 17

బాతుల కాలం మొదలైంది. లోపలి గదిలో నలుగురు అతిథులు. బాతు మాంసపు పులుసు, పచ్చడి, అన్నం. అన్నీ నేనే పెట్టాను. ఒకాయన టీ గిన్నె సరిగా పట్టుకోకపోతే చాప మీద కొంచెం ఒలికింది. "ఫర్వాలేదు, ఫర్వాలేదు" అన్నాడు, తన తప్పని తెలుసు కాబట్టి.

వస్తుంటే నడవాలో మెట్టు తగిలి పడ్డాను. ఆ మెట్టు ఎవరో జరిపారు.

"మెట్టు ఎలా జరుగుతుందండీ పెద్దయ్యగారూ, ఇంటికి అతికి ఉంటేను" అంది తకి, నన్ను లేపుతూ.

"అయితే ఇల్లే జరిపారు."

"చిన్నయ్యగారికి అంత బలముంటే నా మోకాళ్లు కూడా జరపమని చెప్పండి."

ఆవిడతో పెట్టుకోకూడదు.

నవంబర్ 18

పొద్దున లేచేసరికి మెట్టు అంచుకి తెల్ల గుడ్డ అతికించి ఉంది. నున్నగా మెరిసే మా నల్ల చెక్క మీద తెల్లటి కట్టు, దెబ్బ తగిలినట్టు. ఎవరి పనో చెప్పక్కర్లేదు. పీకి పారేశాను.

"అది నా కోసం వేసుకున్నానండీ. నాకు చూపు తక్కువ" అన్నాడు కెయిజో.

ముప్ఫై అయిదేళ్లవాడికి చూపు తక్కువట. పేరుకి అల్లుడు, ఒంట్లో ఒక్క భాగమూ సరిగా లేదు. అప్పుడే పంపేయాల్సింది.

నవంబర్ 26

ఈ సిరా నీళ్లలా ఉంది. కొట్టువాడు కల్తీ చేస్తున్నాడు. నోటుబుక్కులో గీతలు కూడా సగం అచ్చయ్యాయి. చెక్క స్కేలు అడ్డం పెట్టుకుని దాని మీదుగా రాస్తున్నాను. నాన్న కూడా ఇలాగే రాసేవాడు. రాసేవాడనే గుర్తు.

డిసెంబర్ 2

లోపలి గది తలుపులకి పాత కాగితం చించి కొత్తది అతికించాను. ఏటా ఇది నా పని, ఎవరినీ తాకనివ్వను. జిగురు పల్చగా ఉండాలి, కాగితం అతుకు సరిగ్గా చట్రం మీద పడాలి. అతుకు పక్కకి పోతే, లోపల కూర్చున్నవాడికి వెలుగులో గీత కనిపిస్తుంది. ఆ ఒక్క గీతతో గదంతా పాడవుతుంది. సాయంత్రానికి పూర్తయింది. వేలితో తడిమి చూశాను, ఎక్కడా ముడత లేదు.

"ఎలా ఉంది?" అని తకిని అడిగాను.

కాగితం మీద ఆవిడ వేలు పాకిన చప్పుడు. "ఏటేటా ఉన్నట్టే ఉంది పెద్దయ్యగారూ" అంది.

డిసెంబర్ 3

మధ్యాహ్నం వెళ్లి మళ్లీ తడిమాను. జిగురు ఇంకా తడిగానే ఉంది. రోజంతా గడిచినా ఆరలేదంటే చలి ఎంత ఉందో. గదిలో తలనూనె వాసన. వాడు నా పని తనిఖీ చేయడానికి వచ్చినట్టున్నాడు. తప్పు దొరికుండదు పాపం.

డిసెంబర్ 6

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. కోపంతో.

బంగారు రేకుల వ్యాపారి నిషిగాకి గారబ్బాయికి ఇవాళ మధ్యాహ్నం మా లోపలి గదిలో నిశ్చితార్థం. అమ్మాయివాళ్లు ఫుకుయి ఊరి పట్టు వర్తకులు. నిషిగాకి గారి తండ్రి పెళ్లి మాటలూ ఆ గదిలోనే జరిగాయి, నాన్న వడ్డించాడు. నిషిగాకి గారు నెల ముందే వచ్చి, "మీరుండగా ఆ గది మారదు కదా" అన్నారు. మారదని మాటిచ్చాను.

పొద్దున్నే గిడ్డంగికి వెళ్లి కొంగల పెట్టె నేనే తెచ్చాను. గది పక్కనున్న చిన్న అరలో చారు నేనే పోశాను. నడవాలో మోసుకొస్తే వేడి పోతుందని అక్కడే పోయడం మా పద్ధతి, అక్కడికి వంటవాళ్లు రారు. మూత మూతా లోపల వేలితో తడిమాను. రెక్కలు తగిలాయి. ఈకలు ఒకదాని పక్కన ఒకటి, విచ్చుకుని. అన్నిటికీ మూతలు పెట్టి, వాటిని ఎవరూ ముట్టుకోలేదని తెలిసేలా పైన నీటి తుంపర చల్లాను. కాగితపు గూటిలో కొవ్వొత్తి వెలిగించాను. ఒక్కొక్కరి ముందూ పెట్టి వెనక్కి జరిగి కూర్చున్నాను.

మూతలు తీసిన చప్పుడు. తర్వాత, "అబ్బ" అనాలి. ఎప్పుడూ అంటారు. ఇవాళ ఎవరూ ఏమీ అనలేదు.

చాలాసేపటికి అమ్మాయి నాయనమ్మ గొంతు. "ఎవరి సంవత్సరీకమండీ ఇది?"

నాకు అర్థం కాలేదు. వేళాకోళం అనుకున్నాను. నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది.

"తామరపూలు" అన్నారు నిషిగాకి గారు, మెల్లగా. "పెద్దాయనా, అన్నిట్లోనూ తామరపూలే."

పెళ్లికూతురి తల్లి ఏడవడం మొదలుపెట్టింది. శుభమా అని పిల్లని తీసుకొస్తే చావు గిన్నెల్లో పెట్టారని. నేను మూత ఒకటి తీసుకుని కళ్ల దగ్గర పెట్టుకున్నాను. ఆ గదిలో అంత తేలిగ్గా ఎవరికైనా ఎలా కనిపిస్తుంది? కనిపించలేదు. కానీ ఎనభై ఏళ్ల ముసలావిడకి కనిపించింది. పిల్లికళ్లు.

అప్పుడు పక్క తలుపు జరిగింది. తలనూనె వాసన. చాపకి నుదురు తగిలిన చప్పుడు.

"పెట్టె తెచ్చింది నేనండీ. పొరపాటంతా నాది. మామయ్యగారికి తెలీదు. ఒసాకావాణ్ణి, పద్ధతులు తెలియనివాణ్ణి, నా మీద కోప్పడండి."

నిషిగాకి గారు వాణ్ణి తిట్టిన తిట్లు ఈ ఇంట్లో ఎప్పుడూ వినలేదు. వాడు తల ఎత్తలేదు. పెళ్లివారు చారు ముట్టుకోకుండానే లేచిపోయారు.

డిసెంబర్ 7

ఒప్పుకున్నాడు. అందరి ముందూ, నుదురు నేలకి ఆనించి ఒప్పుకున్నాడు.

డిసెంబర్ 8

ఇకుయోని పిలిచి చెప్పాను. వాణ్ణి పంపేయ్. ఇంటిపేరు ఇక్కడ వదిలేసి, తలనూనె సీసా తీసుకుని ఒసాకా పొమ్మను. పొరపాటు జరిగితే దీపం పెట్టొచ్చని ఒప్పందం కదా, అందుకే వాడు పెట్టెలు మార్చాడు. అంతా దీపం కోసమే.

"ఆయన మార్చాడా?" అంది.

"వాడి నోటితోనే చెప్పాడు."

"నాన్నా, గిడ్డంగి తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే ఉంది. ఎందుకు?"

చాప పుల్ల తెగిన చప్పుడు. "ఏం లేదు" అంది.

డిసెంబర్ 9

దొంగతాళం చేయించి ఉంటాడు. ఒసాకావాళ్లకి అదొక లెక్క కాదు.

డిసెంబర్ 11

నాతో ఎవరూ మాట్లాడటం లేదు. నేనూ మాట్లాడటం లేదు. అన్నం మాత్రం చేతికి అందేచోటే పెడుతున్నారు.

డిసెంబర్ 14

ఉరుములు. ఈ ఉరుములతోనే పెద్ద చేపలు ఒడ్డుకొస్తాయి. తకి వచ్చి నా గదిలో కుంపటి కదిపింది.

"పెద్దయ్యగారూ, ఒక మాట అడగనా? చిన్నయ్యగారు నిజంగా వెళ్లిపోతే లోపలి గదికి ఎవరు కాగితం వేస్తారు?"

"నేను. ఎప్పుడూ వేసేది నేనే కదా."

"అవునవును" అంది. కుంపటి చాలాసేపు కదిపింది.

ఈ ఇంట్లో అందరికీ బుర్ర చెడింది.

డిసెంబర్ 16

ఇకుయో వచ్చి కూర్చుంది. గొంతు గట్టిగా ఉంది, వాళ్లమ్మ గొంతులా.

"ఒప్పందం ప్రకారం దీపం పెడుతున్నాం నాన్నా. పొరపాటు ఎవరిదైనా పొరపాటే. కానీ ఆయనొక మాటన్నారు. ఆదివారం మధ్యాహ్నం నువ్వు వచ్చి చూడాలట. నచ్చలేదంటే ఆయనే పీకేసి, ఆ సాయంత్రం బండికి ఒసాకా వెళ్లిపోతారట. ఇంక తిరిగి రారు."

"నువ్వు?"

"నేను ఆయన భార్యని."

అంటే వాడు పోతే ఇదీ పోతుంది. సరే. గది ఉంటుంది. నాన్న నాకు అప్పజెప్పింది గదిని.

ఆదివారం ఏం చెప్పాలో ఇవాళే అనుకున్నాను. ఒక్కటే మాట చెబుతాను. పో.

డిసెంబర్ 17

లోపలి గదిలోంచి సుత్తి చప్పుడు. చెవుల్లో దూది పెట్టుకున్నాను.

డిసెంబర్ 18

ఇకుయో చిన్నప్పుడు ఆ గదిలో పడుకుని, కప్పు మీద మంచు వెలుగు చూస్తూ నిద్రపోయేది. ఇది ఎందుకు రాశానో తెలీదు. రేపు కొట్టేస్తాను.

డిసెంబర్ 20, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. వంకర్లు పోతే పోనీ.

రాత్రంతా మంచు పడింది. ఇంటి పెద్దగా తీర్పు చెప్పబోతున్నాను కాబట్టి ఇంటి గుర్తున్న నల్ల కిమోనో వేసుకున్నాను. గోడ పట్టుకుని నడవా దాటాను. మెట్టు దగ్గర తెల్ల గుడ్డ మళ్లీ అతికించి ఉంది, కాలికి తగిలింది. దాని సంగతి తర్వాత చూద్దామనుకున్నాను. గది ముందు ముగ్గురూ ఉన్నారు. కెయిజో వాసన, తకి ఊపిరి, ఇకుయో. ఇకుయో తలుపు జరిపింది.

కోపం సిద్ధం చేసుకునే లోపలికి అడుగుపెట్టాను.

గది చీకటిగా ఉంది.

నా కళ్లని నేనే నమ్మలేదు. వాడు ఏమీ పెట్టలేదు. గది మా తాత నాటిలా, నాన్న నాటిలా ఉంది, అంతకంటే లోతుగా ఉంది. ఎర్ర గోడ అసలు లేనట్టే నల్లగా కలిసిపోయింది. నా చేతులు నాకే కనిపించలేదు. ఇన్నేళ్లలో ఆ గది అంత చక్కగా కుదరడం నేనెరగను. వాడి మీద ఇన్నాళ్లు తెచ్చుకున్న కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"పెట్టలేదన్నమాట. పెడతామని బెదిరించి, చివరికి మనసొప్పలేదన్నమాట" అన్నాను.

ఎవరూ పలకలేదు. సిగ్గుపడుతున్నారనుకున్నాను.

"చూడు కెయిజో, ఇదే నేను నీకు చెప్పాలనుకున్నది. చెప్పడం చేతకాలేదు. ఇలా ఉండాలి గది. ఇందులో కూర్చున్నవాడు తొందరపడడు. ఎదుటివాణ్ణి తేరిపార చూడడు. మా అమ్మానాన్నలు ఎంత పోట్లాడుకున్నా ఈ గదిలోకి వచ్చాక గొంతు తగ్గించేవాళ్లు." ఇంకా ఏమేమో చెప్పాను. వాడితో అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. వాణ్ణి పేరు పెట్టి పిలవడం కూడా అదే మొదటిసారేమో. ఇకుయో వెక్కుతోంది. సంతోషమనుకున్నాను.

ఎక్కడో ఒక ఈగ రొద పెడుతోంది.

"తకీ, కొవ్వొత్తి వెలిగించలేదేం? సరే, నేనే వెలిగిస్తా" అన్నాను. కాగితపు గూడు ఎక్కడుంటుందో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. దాని ముందు కూర్చుని, కిమోనో చేతిలోంచి అగ్గిపెట్టె తీశాను.

"నాన్నా, వద్దు" అంది ఇకుయో.

"ఆగవే" అని, వత్తి ఎక్కడుందో చూద్దామని గూటి పైనుంచి చెయ్యి లోపలికి పెట్టాను.

వేలు కాలింది.

అగ్గిపుల్ల ఇంకా గీయనే లేదు.

గుండ్రటి గాజు. నున్నగా, పెనంలా కాలుతోంది. చెయ్యి తీసేసి వేలు నోట్లో పెట్టుకున్నాను. తలెత్తాను. పైన ఈగ ఇంకా రొద పెడుతోంది. డిసెంబరులో, మంచు కురిసిన రోజు, ఈగ ఎక్కడిది? వంటింటి ట్యూబులైటులో విన్న ఈగే అది. అది పైన వెలుగుతోంది, ఇది గూట్లో వెలుగుతోంది, ఆ ముగ్గురూ వెలుగులో నిలబడి నన్ను చూస్తున్నారు. గది పట్టపగల్లా ఉండి ఉంటుంది.

ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. నాకు భయమేసింది. నాన్న పోయినప్పుడు కూడా అంత భయం వేయలేదు.

కెయిజో నా పక్కన కూర్చున్నాడు. "పీకేస్తానండీ. సాయంత్రం బండికి..." అన్నాడు. వాడి గొంతు కూడా బాలేదు.

అనుకుని వచ్చిన మాట ఒకటుంది. అది నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు.

"ఉండనీ" అన్నాను. "నాకేం అడ్డు."

డిసెంబర్ 21

వేలు బొబ్బెక్కింది. తకి వెన్న రాసింది. ఇకుయో చుక్కల మందు వేసింది, వేయించుకున్నాను. పోయింది రాదట, ఉన్నదైనా నిలుస్తుందేమోనట. ఏం ఉందని నిలవడానికి అని అడగలేదు. ఇది స్కేలు పెట్టుకుని రాస్తున్నాను. గీత మీద గీత పడుతోందో ఏమో. నాన్న స్కేలు పెట్టుకుని ఎప్పుడూ రాయలేదు.

మధ్యాహ్నం అల్లుణ్ణి పిలిచాను. వచ్చి కూర్చున్నాడు. ఆ నూనె మార్చమని ఎన్నిసార్లు చెప్పాలి?

"కాగితం మళ్లీ వేసింది నువ్వేనా?"

"అతుకులు కొంచెం పక్కకి పోయాయండీ. వేరేం లేదు."

"కొంచెమా?"

"కొంచెం ఎక్కువే."

"నిశ్చితార్థం రోజు పెట్టె తెచ్చిందెవరు?"

"నేనే మామయ్యా."

"తాళంచెవి నా నడికట్టులో ఉంటే నువ్వెలా తెచ్చావురా?"

"నేనే తెచ్చాను మామయ్యా."

"అబద్ధాలకోరు వెధవ."

"అవునండీ."

చూరు మీంచి మంచు జారి తోటలో పడింది. నిషిగాకి గారింటికి రేపు వెళ్లాలి, తల వంచాల్సింది నేను. వాడు నాకు తోడు రావాలి, దారి చూపించడానికి. ఆ మాట వాడితో ఎలా అనాలో తెలియలేదు. ఏదో ఒకటి చెయ్యాలని నడికట్టులోంచి తాళంచెవి లాగి, వాడి గొంతు వినిపించిన వైపు గట్టిగా విసిరాను.

పట్టుకున్నాడో లేదో నాకు కనిపించలేదు. కింద పడిన చప్పుడు రాలేదు కాబట్టి పట్టుకున్నట్టే.